లూస్ అంటే నూరే

మొన్నటి చలికాలంలో మా ఆపా కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు అఖీఖా చేయాలనుకున్నారు. పేరు మాత్రం తేలలేదు. మా ఇంట్లో పేరు పెట్టాల్సి వచ్చినప్పుడల్లా అందరూ నా మొహం చూస్తారు. ఉర్దూ, తెలుగు రెండూ చదివినవాణ్ణని, పత్రికల్లో రాస్తానని, అర్థాలు నాకు తెలుస్తాయని. ఇప్పటికి పదిహేను మంది పిల్లలకన్నా చెప్పి ఉంటాను. నస్రీన్ అంటే అడవి గులాబీ, సురయ్యా అంటే కృత్తికా నక్షత్రాలు అని విడమరిచి చెప్తుంటే ముసలమ్మలు సంతోషంగా తలూపేవాళ్ళు.

ఈసారి భాంజీ నా కంటే ముందే తయారైంది. నాలుగు కాగితాలు తెచ్చి చేతిలో పెట్టింది. పైన 'స్పెయిన్ దేశపు ఆడపిల్లల పేర్లు, అర్థాలు' అని ఉంది.

"మామూ, ఇన్‌మేసే ఏక్ బోలో" అన్నది.

"మన సనా, జోయా, నూర్ ఏమైనై?" అన్నాను.

"అవి చెప్పంగనే తెలిసిపోతది మామూ. తెలవని పేరు కావాలె."

ఏం తెలియకూడదో అడగలేదు. నాకు తెలుసు. మూడు నెలలుగా భార్యాభర్తలిద్దరూ కిరాయి ఇల్లు వెతుకుతున్నారు. ఫోన్లో మాట్లాడినప్పుడు ఇల్లు ఖాళీగానే ఉంటుంది. నీళ్ళుంటాయి, స్కూటర్ పెట్టుకోవడానికి జాగా ఉంటుంది, అడ్వాన్సు కూడా తేలిపోతుంది. చివర్లో "ఇంతకూ మీ పేరేంటండీ?" అంటారు. చెప్పగానే ఆ ఇంట్లోకి ఎవరో చుట్టాలు దిగబోతుంటారు. పిల్ల బడికి పోయే నాటికైనా ఈ ప్రశ్న దగ్గర ఆగిపోకూడదని తల్లి ఆలోచన.

నాకు కోపమొచ్చింది. "పేరు దాచుకొని బతకాల్నా?" అని ఏదో గట్టిగానే అన్నాను. భాంజీ మాట్లాడలేదు. ఆపా చాయ్ తెచ్చింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. రాత్రి దీపం కింద వాటిని విప్పి చదివాను. ఈ వ్యాసం ఆ రాత్రి మొదలైంది. భయంతో పేరు దాచుకోవడం తప్పా? తప్పయితే అది ఎవరి తప్పు?

*

పేర్లు బాగున్నాయి. పలోమా అంటే పావురం. రొసియో అంటే పొద్దుటి మంచు. ఎస్పెరాన్సా అంటే ఆశ. సోలెదాద్ అంటే ఏకాంతం. ఆల్మా అంటే ఆత్మ, మన 'రూహ్'. లూస్ అంటే వెలుగు. లూస్ చుట్టూ భాంజీ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. మన బడుల్లో లూస్ అని పేరున్న పిల్లను 'లూజు' అని ఏడిపించకుండా వదిలిపెడతారా అని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మా అమ్మీ పేరు నూర్ బీ. నూర్ అన్నా వెలుగే. అంటే ఈ పిల్ల తన నానీ పేరునే బిడ్డకు పెట్టుకోవాలనుకుంటున్నది. కాకపోతే ఎవరికీ తెలియని భాషలో చుట్టి పెట్టుకోవాలనుకుంటున్నది.

ఈ పేర్లకు మతం లేదని తన నమ్మకం. చిత్రమేమిటంటే స్పెయిన్ ఆడపిల్లల పేర్లంతగా మతం నిండిన పేర్లు వెతికినా దొరకవు. ఆ దేశంలో మరియమ్మను ఒక్క పేరుతో పిలిచి ఊరుకోరు. ఆమె దుఃఖాన్ని బట్టి, దయను బట్టి, వెలిసిన చోటును బట్టి ఎన్నో పేర్లు. ఆడపిల్లకు మరియా అని పెట్టి దాని వెనక ఆ బిరుదు చేరుస్తారు. 'మరియా దె లోస్ దోలోరెస్' అంటే దుఃఖాల మరియమ్మ. పిలుపులో మరియా జారిపోయి దోలోరెస్ మిగులుతుంది. అర్థం చూస్తే వట్టి 'దుఃఖాలు'. పసిబిడ్డకు దుఃఖాలని పేరేమిటని మనకు అనిపిస్తుంది. వాళ్ళకు అందులో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి కనిపిస్తుంది. ఆన్‌గుస్తియాస్ అంటే తల్లడిల్లడం. గ్రనాడా నగరాన్ని కాపాడే మరియమ్మ పేరు అది. పిలార్ అంటే స్తంభం. సరగోసాలో మరియమ్మ నిలిచిందని చెప్పుకునే స్తంభం. భాంజీకి నచ్చిన పలోమా మాద్రిద్‌లో ఆగస్టు 15న పండుగ జరిగే మరియమ్మ. రొసియో అండలూసియాలో వేలాది మంది బళ్ళు కట్టుకుని యాత్రకు పోయే మరియమ్మ. సున్నా చుట్టిన లూస్ కూడా అంతే. 'వెలుగుల మరియమ్మ' అనే పేరులోంచి ఊడి వచ్చిన ముక్క.

మెర్సెదెస్ సంగతి చెప్పాలి. ధనవంతుడి కారుగా మనకు తెలిసిన ఆ మాట నిజానికి ఒక ఆడపిల్ల పేరు. ఎమిల్ జెలినెక్ అనే ఆస్ట్రియా వ్యాపారి 1900 ప్రాంతంలో డైమ్లర్ కంపెనీతో కారు చేయించుకుని తన కూతురి పేరు పెట్టాడు. మెర్సెదెస్ అంటే దయలు, కరుణలు. మన రహ్మత్. అయితే ఈ దయ ఎక్కడిది? ముస్లింల చేతుల్లో బందీలుగా చిక్కిన క్రైస్తవులను డబ్బు కట్టి విడిపించడానికి 1218లో బార్సిలోనాలో ఒక సన్యాసుల సంఘం పుట్టింది. ఆ సంఘం కొలిచే మరియమ్మే దయల మరియమ్మ. అంత మెత్తని పేరు వెనక కూడా ఒక యుద్ధం ఉంది. అటువైపు మనవాళ్ళు అనుకునే పేర్లవాళ్ళు నిలబడి ఉన్నారు.

కాబట్టి మతం లేని పేర్లేవీ ఆ నాలుగు కాగితాల్లో లేవు. మనకు తెలియని మతపు చరిత్ర ఉన్న పేర్లున్నాయి. దూరం నుంచి వింటే ఏ పేరైనా వట్టి శబ్దమే. దగ్గరికి పోతే దాంట్లో ఎవరి అజానో, ఎవరి గుడిగంటో, ఎవరి చర్చిగంటో వినిపిస్తుంది.

*

ఇంకా దగ్గరికి పోతే మరో సంగతి తెలుస్తుంది. మాద్రిద్ నగర దేవత పేరు ఆల్ముదేనా. ఆ ఊరి ఆడపిల్లల్లో ఈ పేరు మామూలు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడినవాళ్ళ కథలు రాసిన నవలాకారిణి ఆల్ముదేనా గ్రాందెస్ (1960–2021) మాద్రిద్ పిల్లే. అదేం మాట? అరబ్బీలో 'అల్ ముదయ్‌నా'. మదీనాకు ముద్దుపేరు లాంటిది. చిన్న పట్నం, చిన్న కోట. తొమ్మిదో శతాబ్దంలో కోర్దోబా అమీర్ ముహమ్మద్ కట్టించిన కోట చుట్టూ పెరిగిన ఊరే మాద్రిద్. 1085లో ఆరో ఆల్ఫోన్సో రాజు ఊరిని పట్టుకున్నప్పుడు ఆ కోటగోడలో దాచిన మరియమ్మ బొమ్మ బయటపడిందని గాథ. గోడ పేరే అమ్మవారి పేరైంది. అమ్మవారి పేరు ఆడపిల్లల పేరైంది. 1993లో పోప్ రెండో జాన్ పాల్ స్వయంగా వచ్చి ఆ మరియమ్మ కెథెడ్రల్‌ను ప్రతిష్ఠించాడు. చిన్న మదీనా అనే పేరుతో కెథెడ్రల్!

గ్వాదలూపేలో మొదటి సగం 'వాదీ', అంటే ఏటిలోయ. ఇక ఫాతిమా ఉండనే ఉంది. పోర్చుగల్‌లో ఫాతిమా అనే పల్లె దగ్గర 1917లో ముగ్గురు గొర్రెల కాపరి పిల్లలకు మరియమ్మ కనిపించిందన్న వార్త పాకింది. అప్పటి నుంచి కాథలిక్కు ఇళ్ళలో పిల్లలకు ఫాతిమా అని పెట్టుకుంటున్నారు. ఆ పల్లెకు ఆ పేరు ఎప్పటిదో. అరబ్బీ మాట్లాడినవాళ్ళు వెళ్ళిపోయినా ఊరి పేరు మిగిలింది. అలా ప్రవక్త కూతురి పేరు చర్చి మెట్లెక్కింది.

ఇంత అరబ్బీని నెత్తిన పెట్టుకున్న దేశంలోనే ఒకప్పుడు కన్నబిడ్డను ఫాతిమా అని పిలవడం నేరం.

1492 జనవరిలో గ్రనాడా పడిపోయింది. ఒప్పందంలో ముస్లింల మతానికి, మసీదులకు, ఆచారాలకు అడ్డు రామని రాసిచ్చారు. ఎనిమిదేళ్ళు గడవకముందే సామూహిక బాప్తిస్మాలు మొదలయ్యాయి. 1502 నాటికి కాస్తీల్ రాజ్యంలో ముస్లింగా ఉండే దారి మూసేశారు. మతం మారు, లేదా దేశం విడిచిపో. అలా మారినవాళ్ళకు మొరిస్కోలని పేరు. అంటే 'చిన్న మూర్లు'. మారిన తర్వాత కూడా కొత్తపేరుతో పిలవలేదన్న మాట!

1567 జనవరి 1న గ్రనాడాలో రెండో ఫిలిప్ రాజు శాసనాన్ని చాటించారు. మూడేళ్ళలోపు అరబ్బీ వదిలేసి కాస్తీల్ భాష నేర్చుకోవాలి. ఆడవాళ్ళు ముసుగు తీయాలి. పాత బట్టలు మానాలి. స్నానాల ఇళ్ళు మూసేయాలి. శుక్రవారాలు, పండుగ రోజుల్లో ఇంటి తలుపులు తెరిచే ఉంచాలి. మూర్ల పేర్లు, ఇంటిపేర్లు ఉండకూడదు.

అప్పుడు ఒక ముసలాయన కలం పట్టుకున్నాడు. ఆయన పేరు ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములే. ఆ పేరే చూడండి. ముందర రెండు ముక్కలు చర్చి ఇచ్చినవి. చివరి ముక్క 'మౌలాయ్', తాతలిచ్చింది. చిన్నతనంలో గ్రనాడా మొదటి ఆర్చిబిషప్ తలవేరా దగ్గర కొలువు చేసినవాడు. గ్రనాడా న్యాయస్థానం అధ్యక్షుడికి ఆయన పెట్టుకున్న అర్జీ ఇప్పటికీ ఉంది. తిరుగుబాటు మాటలు అందులో లేవు. ఒక పెద్దమనిషి మర్యాదగా అడిగిన ప్రశ్నలున్నాయి. బట్టలకు మతమేంటి? ఏ ప్రాంతపు బట్ట ఆ ప్రాంతానిది కాదా? అరబ్బీకి మతమేంటి? తూర్పు దేశాల క్రైస్తవులు అరబ్బీలోనే మాట్లాడుతున్నారు కదా? పేర్లు తీసేస్తే ఏమవుతుంది? ఎవరు ఎవరి పిల్లలో, ఎవరితో కొనుగోలు చేస్తున్నామో, ఎవరితో వియ్యమందుతున్నామో తెలియకుండా పోతుంది. వంశాల జ్ఞాపకం పోతుంది. గెలిచిన రాజులు అల్‌హంబ్రాను కూల్చకుండా కాపాడుకున్నారు కదా, ఓడినవాళ్ళ జ్ఞాపకం మిగలడం రాజులకు గౌరవమే కదా అని కూడా అన్నాడు.

ఆ అర్జీని ఎవరూ పట్టించుకోలేదు. 1568 క్రిస్మస్ నాటికి అల్పుహర్రా కొండల్లో తిరుగుబాటు లేచింది. దానికి నాయకుడైనవాడి చర్చి పేరు ఫెర్నాందో దె వాలొర్. కత్తి పట్టేముందు ఆయన మొదట పేరు మార్చుకున్నాడు. అబెన్ ఉమేయా, అంటే ఉమయ్యా వంశపువాడు. పేరు తీసేసుకున్న చోటే తిరుగుబాటు మొదలైందని నాకనిపిస్తుంది. 1571కల్లా దాన్ని అణిచేశారు. గ్రనాడా మొరిస్కోలను కుటుంబాలు కుటుంబాలుగా దేశమంతా చెదరగొట్టారు.

*

ఆ శాసనాల కింద ఆడపిల్లలు ఎలా పెరిగారు? ఎక్కువ ఇళ్ళలో ఒక్కో బిడ్డకు రెండు పేర్లు. చర్చిలో పాద్రీ నూనె రాసి మరియా అనో, ఇసబెల్ అనో పేరు పెడతాడు. ఇంటికి తెచ్చాక తల్లి గోరువెచ్చని నీళ్ళతో ఆ నూనె కడిగేస్తుంది. ఏడో రోజు ప్రాంతంలో 'ఫాదాస్' అని ఒక తంతు. బిడ్డకు స్నానం చేయించి, మంచి బట్టలు కట్టి, తాయెత్తు కట్టి, చెవిలో రెండో పేరు చెప్తారు. మన అఖీఖా తెలిసిన ఎవరికైనా ఆ ఇల్లు కళ్ళకు కడుతుంది. తలుపు మాత్రం తెరిచే ఉండాలి. వీధిలో పోయేవాడు చూస్తుంటాడు.

ఇలా రెండు బతుకులు బతకడం పాపమా అని వాళ్ళూ అడిగారు. 1504లో ఒక ముఫ్తీ సమాధానం పంపాడు. బలవంతం కింద నోటితో అన్నది, చేత్తో చేసింది లెక్కలోకి రాదు, మనసులో ఉన్నదే లెక్క అని దాని సారం. అంత దయగల ఫత్వా నేను చాలా తక్కువ చూశాను. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. మనసులో ఏముందో దేవుడికి తెలుస్తుంది సరే, ఆరేళ్ళ పిల్లకు ఎలా తెలుస్తుంది? వీధిలో ఏ పేరుకు పలకాలో, ఇంట్లో ఏ పేరుకు పలకాలో నేర్పడమంటే భయం నేర్పడమే. ఇంటి పేరు వీధిలో జారితే ఇంక్విజిషన్ విచారణలో అదే సాక్ష్యం.

ఇక్కడ నేను మరో పక్క కూడా చూడాలి. సెర్వాంతెస్ అల్జీర్స్‌లో ఐదేళ్ళు బందీగా ఉండి వచ్చినవాడు. 1605లో అచ్చయిన 'దోన్ కిహోతె'లో ఆయన సొరాయిదా అనే అల్జీర్స్ అమ్మాయిని చూపిస్తాడు. తండ్రిని, ఇంటిని వదిలి ఒక బందీతో సముద్రం దాటి వస్తుంది. భాష రాదు. పూటకూళ్ళ ఇంట్లో ఎవరో సొరాయిదా అని పరిచయం చేస్తే ఒప్పుకోదు. తన పేరు మరియా అని పట్టుబడుతుంది. ఎవరూ బలవంతం చేయలేదు. ఆమె కోరుకున్నది. పదేళ్ళ తర్వాత వచ్చిన రెండో భాగంలో ఆనా ఫెలిక్స్ అనే మొరిస్కో పిల్ల ఉంది. నిజంగానే క్రైస్తవురాలు, నమ్మి బతికింది. అయినా వెళ్ళగొట్టబడింది.

చరిత్రలోనూ అలాంటి స్త్రీ ఉంది. ఇసబెల్ దె సోలీస్ అనే క్రైస్తవ బందీ గ్రనాడా సుల్తాన్ అబుల్ హసన్‌కు భార్యయి సొరాయా అయింది. మన సురయ్యాయే. గ్రనాడా పడిపోయాక మళ్ళీ ఇసబెల్ అయింది. ఆమె కొడుకులు సాద్, నస్ర్ కూడా ఫెర్నాందో, హువాన్‌లయ్యారు. ఆమె మనసు ఏ పేరుకు పలికిందో ఎవరు చెప్పగలరు?

కాబట్టి పాత పేరు పట్టుకుని ఉండడమే నీతి, మార్చుకోవడం అవినీతి అని నేననలేను. సొరాయిదా మరియా కావాలనుకోవడం ఆమె ఇష్టం. గ్రనాడా పిల్లను మరియా చేయడం రాజు ఇష్టం. పేరు అదే. ఆ పేరు పెట్టిన చేయి వేరు. మర్యం మనకు పరాయి పేరా అంటే అదీ కాదు. ఖురాన్‌లో పందొమ్మిదో సూరా ఆమె పేరిటే ఉంది. ఇంట్లో మర్యం అని పిలుచుకునే పిల్లకు వీధిలో మరియా అని పలకమన్నారు. ఇద్దరూ ఒకే తల్లి అని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

చివరికి ఏమైంది? 1609 నుంచి 1614 దాకా సుమారు మూడు లక్షల మంది మొరిస్కోలను ఓడలెక్కించి పంపేశారు. అప్పటికి వాళ్ళు నాలుగైదు తరాలుగా మరియాలు, ఇసబెల్‌లు, ఫ్రాన్సిస్కోలు. చాలామందికి అరబ్బీ ముక్క రాదు. పేరు మార్చుకోమన్నారు, మార్చుకున్నారు. బట్ట మార్చమన్నారు, మార్చారు. తర్వాత నెత్తురు అడిగారు. నెత్తురును ఎవరు మార్చుకోగలరు?

*

ఈ రోగం ఒక్క మతానికే అంటుకున్నది కాదని చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దంలో ఫ్రాంకో ప్రభుత్వం 1938లోనే పేర్ల మీద పడింది. ఈసారి పేర్లు పోగొట్టుకున్నవాళ్ళు కాథలిక్కులే. బాస్కు పేర్లు, కాతలాన్ పేర్లు రిజిస్టరులో రాయరు, కాస్తీల్ భాషలోకి మార్చి రాస్తారు. రిపబ్లిక్ రోజుల్లో కూతురికి 'లిబెర్తాద్', అంటే స్వేచ్ఛ, అని పెట్టుకున్నవాళ్ళు దాన్ని తీసేసి ఏదో ఒక పునీతురాలి పేరు రాయించుకోవాల్సి వచ్చింది. 1977 జనవరి చట్టంతో గాని ఆ దేశపు ఇతర భాషల్లో పేరు పెట్టుకునే హక్కు తిరిగి రాలేదు. 1990ల్లో టెన్నిస్ చూసినవాళ్ళకు అరాంచా సాంచెస్ గుర్తుండే ఉంటుంది. అరాంచా అనేది బాస్కు ముద్దుపేరు. 1971లో పుట్టిన ఆమెకు ఇంటి పిలుపు అది, రిజిస్టరుకు కాస్తీల్ రూపమైన అరాన్‌సాసు. ముళ్ళపొద అనే అర్థం దాని మూలంలో ఉందట, ముళ్ళలో కనిపించిన మరియమ్మ.

అలాగే 2015లో స్పెయిన్ ఒక చట్టం చేసింది. 1492లో వెళ్ళగొట్టిన యూదుల వారసులకు పౌరసత్వం అడిగే వీలు 2019 దాకా ఉండేది. వంశానికి ఆధారంగా ఇంటిపేరును కూడా చూపించుకోగలిగేవాళ్ళు. ఒకప్పుడు మంటల్లోకి తోసిన పేరే ఇప్పుడు పాస్‌పోర్టు తెచ్చింది. మంచి పనే. మొరిస్కోల వారసులకు మాత్రం అలాంటి చట్టం రాలేదు. వచ్చినా వాళ్ళ దగ్గర చూపించడానికి పేర్లేవి? నూన్యెస్ ములే భయపడింది ఇందుకే.

*

ఇంతదాకా చదివి నన్ను ధైర్యవంతుడనుకుంటే పొరపాటు. ఒక సంగతి ఒప్పుకోవాలి.

ఇరవై రెండేళ్ళ వయసులో నేను పత్రికల్లో చేరాను. ఉర్దూ పత్రికకు రాసేటప్పుడు అబ్బా పెట్టిన పూర్తి పేరు రాసేవాణ్ణి. తెలుగు పత్రికలో మొదటి వ్యాసం ఇచ్చినప్పుడు డెస్కులో ఒక పెద్దాయన చదివి మెచ్చుకున్నాడు. "భాష బాగుందయ్యా. కానీ ఈ పేరుతో వేస్తే ముస్లిం సమస్య అనుకుని పేజీ తిప్పేస్తారు. ఏదైనా కలం పేరు పెట్టుకో" అన్నాడు. ఆ వ్యాసం చెరువుల గురించి. ఆయనకు నా మీద ద్వేషం లేదు. మంచి కోరే చెప్పాడు. నేను ఒక ఏటి పేరు పెట్టుకున్నాను. పదకొండేళ్ళు ఆ పేరుతో రాశాను. ఉత్తరాలొచ్చేవి. "మీరు మన సంస్కృతిని ఎంత బాగా రాస్తారండీ" అని ఒక పాఠకుడు రాస్తే ఆ 'మన'లో నేనున్నానో లేదో తెలియక ఉత్తరం మడిచి పెట్టుకున్నాను. అబ్బా తెలుగు చదవలేడు. చనిపోయేదాకా నా తెలుగు వ్యాసాలను వేలితో తడిమి, "ఇందులో నీ పేరు ఎక్కడుంది బేటా?" అని అడిగేవాడు. పక్కనున్న ఏటి పేరు చూపించి "ఇదే అబ్బా" అనేవాణ్ణి.

చర్చికో పేరు, ఇంటికో పేరు. నేను చేసింది మాత్రం ఏమిటి? నా మీద ఏ రాజు శాసనమూ లేదు. ఏ ఇంక్విజిషనూ లేదు. మర్యాదగా ఇచ్చిన సలహా ఒక్కటి చాలింది. అలాంటివాణ్ణి భాంజీ మీద కోపం తెచ్చుకోవడానికి నాకేం హక్కుంది?

మరుసటి రోజు పోయి ఇదంతా ఆమెకు చెప్పాను. మరియాలని చెప్పాను, ఓడలని చెప్పాను. పేరు మార్చుకున్నా వాళ్ళను ఉంచలేదమ్మా అన్నాను. ఓపికగా విన్నది. పాపను భుజం మీద వేసుకుని జోకొడుతూ అన్నది.

"నువ్వు చెప్పేది నాలుగొందల ఏండ్ల కిందటి సంగతి మామూ. నాకు వచ్చే నెలకు ఇల్లు కావాలె."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

*

అయినా నాకు తోచింది ఒకటుంది. ఇప్పుడు స్పెయిన్‌లో ఎనిమిది లక్షలకు పైగా మొరాకో జాతీయులున్నారు. పొలాల్లో, ఇళ్ళలో, కట్టడాల దగ్గర పనిచేస్తున్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ ఫాతిమాలున్నారు. అంటే ఒకే తరగతి గదిలో ఇద్దరు ఫాతిమాలు కూర్చునే వీలుంది. ఒకామె పేరు పోర్చుగల్ మరియమ్మది. ఇంకొకామె పేరు ప్రవక్త కూతురిది. అక్షరాలవే. టీచరు పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. రేపు ఇద్దరూ కిరాయి ఇంటికి ఫోను చేస్తే ఒకామెకు తాళంచెవి, ఇంకొకామెకు చుట్టాల కథ. తేడా పేరులో లేదు. రెండో ముక్క విన్న చెవిలో ఉంది. పేరుకు మతం ఎక్కడుంటుందంటే విన్నవాడి చెవిలో ఉంటుంది. అలాంటప్పుడు మార్చాల్సింది పేరునా, చెవినా?

మన దగ్గర ఆ చెవి ఎప్పుడూ ఇలాగే ఉండేదా? గుంటూరు వైపు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందువుల బిడ్డలు మస్తానమ్మలు, మస్తాన్‌రావులు. నల్లగొండ వైపు జాన్‌పహాడ్ సైదులు పేరున సైదమ్మలు, సైదులులు. రాయలసీమలో హుసేనమ్మలు, దస్తగిరులు, కుళ్ళాయప్పలు. తమిళ తీరంలోని నాగూర్ దర్గా పేరు ఇక్కడ నాగూరమ్మ అయింది. అచ్చం పోర్చుగల్ పల్లె పేరు ఆడపిల్ల పేరైనట్టే. ఆ తల్లులకు పేరులో మతం వినపడలేదు. తమ బిడ్డను బతికించిన ఒక పీరు వినిపించాడు. మన ఊళ్ళలోనూ లాల్‌బీ పక్కింటి లక్ష్మమ్మకు వదినే. ఆ వరసలు నిన్న మొన్నటిదాకా మన చెవులకు తెలిసినవే. మర్చిపోవడం మనం కొత్తగా నేర్చుకున్నదే. నేర్చుకున్నదాన్ని విడిపించుకోవచ్చు కూడా.

అందుకే భాంజీ తప్పు చేసిందని నేననను. తలుపు బయట నిలబడ్డ మనిషిని, "లోపలికి రావడానికి నీ నానీ పేరు బయటే వదిలిపెట్టావేం?" అని అడగడం అన్యాయం. అడగాల్సింది తలుపు పట్టుకుని నిలబడ్డవాణ్ణి. కానీ బిడ్డకు మాత్రం ఒక బాకీ ఉంది. ఏ పేరు పెట్టినా, దాని వెనక ఎవరున్నారో, దాన్ని ఎందుకు చుట్టిపెట్టామో ఒకనాటికి చెప్పాలి. లూస్ అని పెడితే, లూస్ అంటే నూరే అని, నూర్ బీ అనే ఒక ముసలమ్మ బీడీలు చుట్టి మీ మామూను చదివించిందని చెప్పాలి. చెప్పని పేరు దాచిన పేరవుతుంది. చెప్పిన పేరు ఏ భాషలో ఉన్నా మన పేరే.

పాపకు చివరికి పేరు పెట్టారు. ఏడో రోజు కాదు, నలభయ్యో రోజు, ఛిల్లా నాడు. చెవిలో చెప్పింది నేనే. ఆ పేరేంటో ఇక్కడ రాయడం లేదు. ఇంతసేపు చదివాక మీకు తెలుసుకోవాలనే ఉంటుంది. ఎందుకు తెలుసుకోవాలని ఉందో ఒకసారి మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.

వాళ్ళకు ఇల్లు ఇంకా దొరకలేదు.